చెంచా మీద నిలిచే జావ

"క్లీనింగ్‌కి వచ్చారా? మాప్ అక్కడుంది," అంది నవోమి ఇంగ్లీషులో.

గుమ్మంలో నిలబడ్డ నల్లజాతి పెద్దావిడ మాప్ వైపు చూసింది. చేతిసంచి కుర్చీ మీద పెట్టి మాప్ అందుకుంది.

పార్సిప్పనీలోని ఆ తెలుగు చర్చిలో ఆరాధన పదింటికని ఆహ్వాన కార్డులో ఉంటుంది. పదకొండున్నర దాటితే గాని కుర్చీలు నిండవు.

ఇప్పుడు పదే అయింది. వంటగదిలో నవోమి, పర్సిస్, పర్సిస్ ఒళ్ళో ఎనిమిది నెలల అబిగేల్. మూలన ఉగాండా పసిపిల్లల కోసం పోగుచేసిన పాలపొడి డబ్బాలు.

"ఆంటీ, మళ్ళీ తాగట్లేదు." పర్సిస్ పాలసీసా పక్కన పెట్టింది. "రెండు వారాల్లో వెయిట్ పెరగకపోతే అడ్మిట్ చేయాలన్నాడు డాక్టర్."

"ఇంకాస్త పల్చన చెయ్యమ్మా. పాలపీకలోంచి రావట్లేదేమో."

మాప్ ఆగింది. "ఏమిటది?"

"రాగిజావ. మా ఇండియన్ ఫుడ్‌లెండి, మీకు తెలీదు," అంది నవోమి.

ఆవిడ నవ్వింది. సీసా తీసుకుని చెంచాలో కొంచెం పోసి, వంచింది. జావంతా నీళ్ళలా జారిపోయింది.

"పాప పొట్ట పిడికిలంత. దాన్ని నీళ్ళతో నింపేస్తున్నారు. చెంచా వంచినా నిలిచేంత చిక్కగా కాచండి. కాస్త వేరుశెనగ ముద్ద కలపండి. సీసా మానేసి చెంచాతో పెట్టండి."

"మనకే రాగులు నేర్పుతోంది చూడు," అంది నవోమి తెలుగులో.

ఆవిడ నేల తుడవడం ముగించింది. చివరి వరుసలో కూర్చుని వాచీ చూసుకుంటూ ఉంది. పదకొండుంపావుకి టాక్సీ వస్తే వెళ్ళిపోయింది.

పన్నెండైనా ఆ రోజు మాట్లాడవలసిన అతిథి రాలేదు.

"ఉగాండా వాళ్ళకి టైమంటే లెక్కే లేదు," అంది నవోమి.

సోమవారం పర్సిస్ జావ చిక్కగా కాచింది. అబిగేల్ మూతి నాక్కుంటూ గిన్నె ఖాళీ చేసింది.

రెండు వారాల తర్వాత తూకంలో పన్నెండు ఔన్సులు పెరిగింది.

"ఏం చేశావో అదే చెయ్యి," అన్నాడు డాక్టర్.

ఆదివారం పర్సిస్ డబ్బా నిండా సున్నుండలు పట్టుకుని పదికల్లా చర్చికి వచ్చింది. ఆ రోజు నేల తుడిచినావిడ ఎప్పుడొస్తుందని బిల్డింగ్ మేనేజర్ని అడిగింది.

"ఆదివారం క్లీనింగ్‌కి మేం ఎవర్నీ పంపమే," అన్నాడతను.

పర్సిస్ వంటగదిలోకి వెళ్ళింది. నవోమి అప్పటికే అక్కడుంది. తన ఫోన్ పర్సిస్ చేతికిచ్చింది.

"దీనికి జవాబు నువ్వే రాయమ్మా. నాకు మొహం చెల్లట్లేదు."

ఉగాండా నుంచి డాక్టర్ అకెల్లో రాసిన మెయిల్ అది.

'కార్డులో ఉన్నట్టు పదింటికే వచ్చాను. ఫ్లైట్ ఉండటంతో ఎక్కువసేపు ఆగలేకపోయాను, క్షమించండి. పాలపొడి వద్దు. మా పల్లెల్లోనూ రాగులు పండుతాయి. వీలైతే పిండి మరలు పంపండి. ఇంకొక్క మాట. ఆ రోజు మీ వంటగదిలో ఉన్న పాప బరువు పెరిగిందా?'