పుట్టు వెంట్రుకల కుంచె

"వెంట్రుకల పని చేసే ఇంట్లో ఫ్యాన్ వేస్తారా ఎవరైనా?" అంది గ్వెయ్‌జెన్.

"ఉడికిపోతున్నాను అత్తయ్యా. ఒక్క నిమిషమేగా వేశాను," అంది కోడలు లాన్‌ఫెన్.

"ఆ ఒక్క నిమిషంలో నాలుగు తరాల పేరు ఎగిరిపోయింది."

నిజానికి ఎగిరింది మూడు కాగితపు చీటీలు.

చైనాలోని శాన్‌ల్యన్‌లో రాత కుంచెలు కట్టే ఇల్లు అది. బల్ల మీద మూడు నల్లటి వెంట్రుకల పాయలు, కడిగి ఆరబెట్టినవి. ఒకటి అడవి కుందేలుది. ఒకటి చచ్చిపోయిన తన పిల్లి గుర్తుగా ఒకావిడ పంపింది. ఇంకొకటి ఎవరిదో పాప పుట్టు వెంట్రుకలు, జ్ఞాపకంగా కుంచె కట్టివ్వమని పంపినవి. ఏది ఏదో చెప్పే చీటీలు ఇప్పుడు బల్ల కింద ఉన్నాయి.

"ఇదే పాపది," అంది అత్త, ఒక పాయని వేళ్ళతో నలిపి.

"కాదు, ఇది," అంది కోడలు, ఇంకోటి చూపిస్తూ.

"నలభై ఏళ్ళ చెయ్యి నాది."

"మొన్న ఆ చేత్తోనే ఉప్పనుకుని పంచదార వేశారు."

పుట్టు వెంట్రుకలు జన్మకి ఒక్కసారే తీస్తారు. పాప పేరున పిల్లి వెంట్రుకల కుంచె వెళ్ళిపోతే ఇక దిద్దుకోవడానికేమీ ఉండదు.

అప్పుడే గుమ్మంలో గొడుగుతో ఓ ముసలాయన కనిపించాడు.

"నేను..."

"ముందు తలుపు వెయ్యండి," అన్నారు ఇద్దరూ. ఆ విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట.

"బస్సు తప్పిందా పెద్దాయనా? కూర్చోండి," అంది లాన్‌ఫెన్.

"కూర్చోవడం దేనికి? ఈ నీళ్ళ గిన్నె పట్టుకోమను," అంది గ్వెయ్‌జెన్.

ఆయన గిన్నె పట్టుకుని నిలబడి తగువంతా విన్నాడు.

"ఇంట్లో మైక్రోస్కోపేమైనా ఉందా?"

"మా అమ్మాయి చదువుకని కొన్నది ఉంది. మీరు డాక్టరా?" అంది లాన్‌ఫెన్.

"ఊలు మిల్లులో పనిచేశాను. గొర్రె ఊలులో వేరే జంతువు వెంట్రుక కలిస్తే పట్టుకోవడం నా ఉద్యోగం."

గ్వెయ్‌జెన్ ఆయన బట్టతల వంక చూసింది. "అన్ని వెంట్రుకలు చూసి మీవి పోగొట్టుకున్నారా?"

"ఇక్కడ చూడ్డానికేమీ మిగల్లేదు," అంటూ ఆయన తల నిమురుకుని మైక్రోస్కోపు ముందు కూర్చున్నాడు.

"లోపలంతా గదులు గదులు, మొక్కజొన్న కండె మీద గింజల వరసల్లాగా. ఇది కుందేలు."

రెండోది పెట్టాడు.

"దీని లోపల నిచ్చెన మెట్లున్నాయి. పైన పొలుసులు పూరేకుల్లా లేచాయి. పిల్లి."

మూడోది.

"లోపల ఖాళీగా ఉంది. పైన పొలుసులు ఇంటి పెంకుల్లా అణిగి ఉన్నాయి. ఇది మనిషిది."

ఆ మాట అన్నాక కూడా ఆయన దాని మీంచి కన్ను తీయలేదు.

"చాల్లెండి, దిష్టి తగులుతుంది," అంది గ్వెయ్‌జెన్.

ఇందాక అత్త చూపించింది పిల్లిది. కోడలు చూపించింది కుందేలుది. ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేశారు.

"ఈ సంగతి పాప వాళ్ళకి తెలిస్తే మా పరువు పోయేది," అంది లాన్‌ఫెన్, సోయాగింజల టీ అందిస్తూ.

"తెలిసినా ఏమీ అనుకోరులెండి."

టీ తాగి, గొడుగు తీసుకుని, ఆయన వెళ్ళిపోయాడు. పేరు అడగాలని ఇద్దరికీ తోచలేదు.

వారానికి కుంచె తయారైంది. ఎక్కడికి పంపాలో కనుక్కుందామని గ్వెయ్‌జెన్ పాప తల్లికి ఫోన్ చేసింది. తర్వాత వచ్చి భోజనానికి కూర్చుంది కానీ వెదురు చిగుళ్ళ కూర ముట్టలేదు.

"పాప కుంచె పోస్టులో వెయ్యొద్దు. రేపు నేనే పట్టుకెళ్తాను," అంది చివరికి.

"మీకు బస్సు పడదుగా అత్తయ్యా?"

"పడకపోతే నడిచి వెళ్తాను."

"అంత గొప్పవాళ్ళా వాళ్ళు?"

"మనం ఒక్కో వెంట్రుకనీ మైక్రోస్కోపులో చూసుకుని గానీ కుంచె కట్టమట," అంది గ్వెయ్‌జెన్. "అలా అని ఇంటికెళ్ళి చెప్పాడట, నేను గిన్నె పట్టుకోమన్న ఆ పాప తాత."