పిడుదుల చుట్టరికం

"గాడనే ఆగు. ఒక్క గొర్రె కూడ వంతెన ఎక్కొద్దు" అన్నాడు సైదులు, కర్ర అడ్డం పెట్టి.

కాల్వ అవతలి ఒడ్డున రామలింగయ్య ఆగిపోయాడు. ఆయన వెనక మంద కూడా ఆగింది. ఊళ్లో నాట్లు పడగానే మేత వెతుక్కుంటూ కృష్ణ దాటి పోయి, కోతలయ్యాక నేరేడుచర్ల మీదుగా నడిచి వచ్చిన మంద అది. కొన్ని గొర్రెలు ఆగిన చోటే కూలబడ్డాయి. ఆయనకూ కూలబడాలనే ఉంది.

"వంతెన ఎక్కుతలేను తమ్మీ. ఎప్పటిలెక్క కాల్వకు గీ దిక్కే ఉంట."

"ఆ దిక్కు కూడ ఉండొద్దు. వచ్చిన తొవ్వనే పో. నీ మంద వచ్చిందంటే మా షెడ్డుల గొర్రెలు బతుకుతలేవు."

సైదులు ఆయన సొంత తమ్ముడు. మందను పంచుకున్నాక అన్న నడకనే నమ్ముకున్నాడు. తమ్ముడు తన వాటాను ఇంటి వెనక షెడ్డులో ఉంచి, మిర్యాలగూడ రైసుమిల్లులో పనికి పోతున్నాడు. షెడ్డు చూసుకునేది అతని భార్య భద్రమ్మ. మందు పోసినా చావకుండా నెత్తురు తాగే పిడుదులు పట్టి, జ్వరాలొచ్చి షెడ్డులో గొర్రెలు చచ్చిపోతుంటే, ఊరూరు తిరిగే మందే వాటిని మోసుకొస్తోందని సైదులు ఊరిని కూడేశాడు. అన్న మంద కాల్వ దాటకూడదని ఒప్పించాడు. ఇన్నేళ్లలో రామలింగయ్య ఆ మాట తప్పలేదు. అయినా షెడ్డులో చావులు ఆగలేదు.

అందుకే ఈసారి సైదులు ఊరివాళ్లతో పాటు డాక్టరు ఉమారాణిని కూడా పిలిపించాడు. ఆమె పశువైద్య కాలేజీలో పిడుదుల మీద పరిశోధన చేస్తోంది. పోయిన ఎండాకాలం రెండు మందల మీది పిడుదులనూ ఏరి సీసాల్లో పట్టుకుపోయింది. ఇవాళ సూర్యాపేట నుంచి బస్సులో నిలబడి వచ్చి, ఇప్పుడు వంతెన గోడ మీద కూర్చుంది.

"సెప్పు మేడం" అన్నాడు సైదులు. "ఆ మందల నుంచి వచ్చినయే గదా?"

"పిడుదు తనంతట తాను ఎంతో దూరం పోలేదు. గొర్రె ఎక్కడికి పోతే దానితో పాటే పోతుంది" అంది ఉమారాణి. "మీ గొర్రెలు షెడ్డు దాటవు. కాబట్టి వాటి మీది పిడుదులు వాటిలో అవే కలిసి, ఈపాటికి ఒకే ఇంటి మనుషుల్లా ఒకే పోలికలో మిగలాలి. మీ అన్నవి అలా కాదు. ఊరూరా వేరే మందలతో కలుస్తాయి. ఆ పిడుదులకు ఎక్కడెక్కడి చుట్టరికమో ఉంటుంది."

"ఉన్నదా మరి?"

"ఆయనవాటికి ఉంది. మీవాటికీ ఉంది. జన్యువులు చూస్తే అవీ ఇవీ ఒకే మందవి అన్నట్టున్నాయి. ఎప్పుడో ఒకసారి కలిస్తే ఇంతగా కలవవు. ఏటేటా కలుస్తున్నాయి."

గుంపులో గుసగుసలు మొదలయ్యాయి.

"ఇన్నరా!" సైదులు అరిచాడు. "దొంగతనంగ తోలుకొస్తున్నడు!"

"నేను కాల్వ దాటలే" అన్నాడు రామలింగయ్య. ఆ గొంతులో కోపం లేదు. ఓపికా లేదు.

"మరి పిడుదులు ఈదుకుంట వచ్చినయా?"

"అన్నదమ్ముల పంచాయితి తెగేటట్టు లేదు" అని పెద్దమనిషి జానయ్య విసుక్కున్నాడు. "ఏదో ఒకటి తేల్చుండ్రి, మాకు పనులున్నయి."

"ఆయన గొర్రెలు ఇటు రాకపోతే మీ గొర్రెలైనా అటు పోతుండాలి" అంది ఉమారాణి. "ఎవరో ఒకరు తోలకుండా ఇలా జరగదు."

రామలింగయ్య తమ్ముడి ముఖంలోకి చూశాడు. అతనేదో చెబుతాడన్నట్టు చాలాసేపు చూసి, తల దించుకున్నాడు.

"పోతలే తమ్మీ. కొట్లాడ శాతగాదు" అని, కూలబడ్డ గొర్రెను అదిలించాడు. అది లేవలేదు. వంగి చేతుల్లోకి ఎత్తుకున్నాడు.

"జర ఆగుమను మేడం."

ఆ గొంతు భద్రమ్మది. బావ ఎదుట ఏనాడూ నోరెత్తని మనిషి. కొంగు నెత్తి మీదికి లాక్కుని, డాక్టరునే చూస్తూ అంది. "తోలింది నేనే."

"ఏం మాట్లాడుతున్నవే?" అన్నాడు సైదులు.

"పగటి పూట బావ మందను మేపబోయినప్పుడు నడవలేనియి గా ఒడ్డునే దడిల ఉండిపోతయి. ఆయన మళ్లొచ్చే లోపల వాటిని మన షెడ్డుకు తెచ్చి, మనయి మంచియి ఆడ విడిచొస్తున్న." ఆమె భర్త వైపు తిరిగింది. "నువ్వు మిల్లుల పడ్డంక ఏది మనదో, ఏది బావదో నీకు గుర్తుపట్టస్తలేదు. మన షెడ్డుల సచ్చినయి మనయి కాదయ్యా, బావయే. నడిచి నడిచి పానం మీదికి వచ్చినయి. కొన్నిట్ని బతికిచ్చుకున్న. కొన్ని దక్కలే."

గొర్రెలు ఆయాసంతో రొప్పుతున్నాయి.

సైదులు కర్ర దించాడు. భార్యను వదిలి అన్న మీదికే తిరిగాడు.

"నీ గొర్రెలు మారుతుంటే నీకన్న ఎర్కలేదా? ఒక్కనాడన్న అడగలేదేంది?"

రామలింగయ్య చేతుల్లోని గొర్రెను మెల్లగా నేల మీదికి దించాడు.

"ఎర్కనే తమ్మీ. నలుగురిల తిట్టినా, సాటుంగ నువ్వే మారుస్తున్నవనుకున్న."