గేటు మూసిన తరువాత

నార్తంబర్లాండ్ కొండదారిలో చీకటి పడిపోయింది. రాత్రికి దిగాల్సిన ఇల్లు ఇంకా రాలేదు. దారికడ్డంగా మళ్లీ గొర్రెలు దాటిపోకుండా పెట్టిన గేటు కనబడితే రోలండ్ కారు ఆపాడు.

"గేట్లు తీయించడానికేనా నన్ను సెలవులకి తీసుకొచ్చింది?" అని నవ్వుతూ అతని భార్య మారియన్ దిగి గేటు తీసింది. అతను కారును అవతలికి పోనిచ్చి ఆగాడు. వెనక గేటు గొలుసు చప్పుడైంది. పక్క తలుపు తెరుచుకుని, మూసుకుంది. రోలండ్ దారి మీంచి చూపు తిప్పకుండా కారు కదిలించాడు.

కాస్త ముందుకు వెళ్లగానే, వెనక సీట్లోంచి కూతురు టిల్లీ మెల్లగా అడిగింది.

"డాడీ, మమ్మీని ఎందుకు వదిలేశాం?"

"పిచ్చిదానా, మమ్మీ ఇక్కడే కూర్చునుందిగా."

టిల్లీ సీటు మీద మోకాళ్లూని వెనక్కే చూస్తోంది. రోలండ్ అద్దంలోకి చూశాడు. కారు వెనక దీపాల ఎర్రటి వెలుగులో ఎవరో చేతులూపుతూ పరుగెత్తుకొస్తున్నారు. "రోలండ్, ఆగు" అన్న పిలుపు గాలికి తెగి తెగి వినబడింది. అది మారియన్ గొంతే.

అతని కాలు బ్రేకు మీదికి వెళ్లింది.

పక్కనుంచి ఒక చల్లని చెయ్యి అతని మోకాలి మీద పడింది.

"ఆపకు రోలండ్," అంది, అదే గొంతు. "అది గేటు దాటొచ్చేసింది."