బిల్డింగ్ గ్రాంటు

“అమ్మాయ్, ఇది బిల్డింగులకిచ్చే డబ్బు కాదు.”

పక్క కుర్చీలోంచి వచ్చిన ఆ మాటకి కొత్త సెక్రటరీ చటుక్కున ఫైలు మూసేసింది.

మాట్లాడింది గుడ్డసంచీ ఒళ్లో పెట్టుకున్న ఒక పెద్దావిడ. అరిగిన చెప్పులు. చేతిలో ఫైలన్నది లేదు.

“నా కాగితాలు మీరెందుకు చూస్తున్నారండీ?”

“కళ్లెదురుగా ఉంటే చూశాను. బొమ్మ బాగుంది. ఎవరు గీశారు?”

“మా ఆయన.”

అంత కోపంలోనూ ఆ మాట దగ్గర నవ్వొచ్చింది. పెళ్లయి నలభై రోజులు. ‘మా ఆయన’ అనడానికి సందు దొరికితే చాలు.

ఆదివారమంతా ఇద్దరూ నేలమీద బోర్లా పడుకుని గీసిన బొమ్మ అది. రెండంతస్తులు, పన్నెండు కిటికీలు. కిటికీలకి నీలం పెన్సిలు రుద్దింది తనే.

చక్రాల కుర్చీలు ఉచితంగా బాగుచేసే తమ సంస్థకి ఉన్నదల్లా ఒక రేకుల షెడ్డు. ఫారం మీద ‘కెపాసిటీ బిల్డింగ్ గ్రాంటు’ అని చూడగానే ప్రెసిడెంటుగారు ఎగిరి గంతేశారు.

“మన షెడ్డు కెపాసిటీ పది కుర్చీలు. యాభై పట్టే బిల్డింగ్ అడిగేద్దాం!”

సంస్థ చేసే పని గురించి రాసి పంపితే ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. డబ్బిస్తే ఏం చేస్తారో ఇవాళ ప్రణాళిక ఇవ్వాలి. హాల్లో పది సంస్థలవాళ్లున్నారు. గ్రాంటు ఒక్కటే.

“కెపాసిటీ బిల్డింగ్ అంటే మనుషుల్ని తయారుచేసుకోవడమమ్మా,” అంది పెద్దావిడ. “మీ దగ్గర మెకానిక్కులెంతమంది?”

“ఒక్కరే. మెకానిక్ తాతయ్య.”

“ఆయన రేపు రాకపోతే?”

ఈమధ్య తాతయ్య చేతులు వణుకుతున్నాయి. పోయిన వారం ఒక్క బోల్టు బిగించడానికి అరగంట పట్టింది. ఆయన మానేస్తే తొంభైమంది గడప దాటలేరు. అదంతా నిజమే. ఈవిడకెందుకు?

“ఎందుకు రారు? నిక్షేపంలా వస్తారు!”

“మాకూ ఇలాగే...”

“మీ కథలొద్దండీ!”

ఇందాక ముందు వరుసలో కళ్లజోడాయన కాగితాల్లోకీ ఈవిడ ఇలాగే తల దూర్చింది. అప్పుడు వెలిగింది. దరఖాస్తులు దిద్దిపెట్టి వాటా గుంజే దళారీలుంటారని ప్రెసిడెంటుగారు చిలక్కి చెప్పినట్టు చెప్పి పంపారు.

“మీ కమీషనెంత?”

“ఏం కమీషను?”

“ఏమీ ఎరగనట్టు! నడవలేనివాళ్ల పేరు చెప్పి వచ్చే డబ్బులో కూడా వాటానా? సిగ్గుండాలి!”

హాలంతా ఇటు తిరిగింది. వాచ్‌మన్ పరుగున వచ్చాడు.

“ఫైలూ లేదు, కాగితమూ లేదు. అందరి కాగితాలూ కెలుకుతోంది. దళారీ!”

“లేవండి, లేవండి,” అన్నాడు వాచ్‌మన్.

“అది కాదు బాబూ, నేను...”

“ఏదైనా గేటు బయట చెప్పుకోండి.”

గుమ్మం దగ్గర ఆవిడ వెనక్కి తిరిగింది.

“అమ్మాయ్, ముందు తాతయ్య పక్కన నలుగురిని కూర్చోబెట్టే దారి చూడు. కిటికీలు తర్వాతైనా పెట్టుకోవచ్చు.”

ఎంత పొగరు! మెడపట్టి పంపుతున్నా సలహాలే!

ఎవరైనా తనని మెచ్చుకుంటున్నారేమోనని సెక్రటరీ చుట్టూ చూసింది. ఎవరి కాగితాల్లో వాళ్లున్నారు. ఎదురుగోడకి అంటించిన నిబంధనలు మాత్రం కనిపించాయి.

‘భవన నిర్మాణానికి ఈ నిధులు ఇవ్వబడవు.’

చెవులు వేడెక్కాయి.

బొమ్మని సున్నితంగా మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. కొత్త కాగితం తీసి గబగబా రాసింది. తాతయ్య దగ్గర నలుగురికి ఏడాది శిక్షణ. నేర్చుకున్నన్నాళ్లూ వాళ్లకి జీతం. తాతయ్యకి తెలిసిందంతా బొమ్మలతో సహా ఒక పుస్తకంగా.

అయినా కోపం చల్లారలేదు. ఒక్క నిజం చెప్పినంత మాత్రాన దళారీ దేవతైపోతుందా?

గంట తర్వాత పిలిచారు.

లోపల అధికారిణి కాగితం రెండుసార్లు చదివింది. ముఖం విప్పారింది.

“ఇవాళ వచ్చినవాళ్లలో మీరొక్కరే మనుషుల గురించి రాశారు. మిగతావాళ్లంతా కంప్యూటర్లూ కుర్చీలూ బీరువాలూ! గ్రాంటు మీకే.”

సెక్రటరీకి కుర్చీలోనే ఒకసారి ఎగరాలనిపించింది. మా ఆయనకి ముందు ఫోన్ చేయాలా, ప్రెసిడెంటుగారికా?

“నిజానికి మా జాబితాలో మొదటి పేరు వేరే సంస్థది,” అంది అధికారిణి. “ప్రణాళిక ముందే పంపేశారు. అచ్చం మీలాగే రాశారు. తీరా ఇవాళ మూడుసార్లు పిలిచినా పలికే దిక్కులేదు. ఇంటర్వ్యూకి రాకపోతే రద్దే.”

“పిలిచి ఇస్తామంటే రాకపోవడమేమిటండీ!” సెక్రటరీకి ఒళ్లు మండింది. “వాళ్లనే నమ్ముకున్నవాళ్లు ఏమైపోవాలి? అంత బాధ్యత లేనివాళ్లకి సంస్థలెందుకు?”

“నాకూ అదే కోపం. వాళ్లదీ చక్రాల కుర్చీల పనే. ఉన్న ఒక్క మెకానిక్కూ పోయాడు. షెడ్డు మూతపడితే ఒకావిడ ఈ వయసులో పని నేర్చుకుని ఒంటిచేత్తో నడుపుతోంది. అలాంటి మనిషి ఇలా చేస్తుందనుకోలేదు.”

అధికారిణి పక్కనున్న ఫైలు తెరిచి ఇటు తిప్పింది.

మొదటి పేజీ మీది ఫొటోలో, తిరగేసిన చక్రాల కుర్చీ ముందు పానా పట్టుకుని కూర్చున్నది గుడ్డసంచీ ఆవిడే.