నాలుగో పట్టీ

సుదర్శన్‌రావు చెవుల వెనక మళ్లీ దద్దుర్లు లేచాయి. నుదురు ఎర్రబడింది. నల్లటి మీసం కింద పై పెదవి ఉబ్బి, ఉన్న కోపానికి రెండింతలు కోపంగా కనిపిస్తున్నాడు.

“ఇదంతా నీ క్రీము పుణ్యమే,” అన్నాడు భార్యతో.

సరళాదేవి రెండేళ్లుగా కరీంనగర్‌లో తమ ఇంటి వెనక రేకుల షెడ్డులో, ఎండకు ముఖం కమలకుండా రాసుకునే క్రీము తయారు చేయిస్తోంది. టీచరమ్మలు, నర్సులు కొంటున్నారు. జమ్మికుంట పత్తి యార్డుకు కూడా డబ్బీలు పోతున్నాయి. షెడ్డులో ఆరుగురు ఆడవాళ్లకు పని దొరికింది.

“రాసుకునేది నేను. దద్దుర్లు మీకా?”

“గాలికొస్తయి. గదే చేత్తోని నాకు అన్నం వడ్డిస్తవ్ గద.”

దద్దుర్లు ఒక వంక మాత్రమే. చొప్పదండిలో అన్ని ఎకరాలున్న రావుగారి ఇల్లాలు డబ్బీలు అమ్ముకుంటోందని పెళ్లిళ్లలో చుట్టాలు ముసిముసిగా నవ్వుతున్నారు. ఆ నవ్వులు ఆయన తట్టుకోలేకపోతున్నాడు. ఎలాగైనా షెడ్డు మూయించాలి.

చర్మవ్యాధుల డాక్టరు శ్యాంసుందర్‌రావు ఆయనకు చిన్నాయన కొడుకు. కబురు పెడితే వచ్చాడు. చెవులు వంచి చూశాడు.

“అన్నా, తలకు, ముఖానికి ఏమన్న పూస్తున్నవా?”

“ఆడోళ్ల లెక్క పూతలు పూసుకునేటోన్నా నేను? సబ్బు, నీళ్లు. గంతే.”

డాక్టరు వదిన వైపు చూశాడు. వదిన గోడ వైపు చూసింది.

“అయితే పరీక్ష చేద్దాం. వీపుకు పట్టీలు అంటిస్త. రెండు రోజులు నీళ్లు తగలొద్దు, గోకొద్దు. దేనికి పడదో దాని కింద ఎర్రగైతది. తోలు మొదటిసారి ఏమనదన్నా. మనసుల పెట్టుకుంటది. మళ్ల తగిలినప్పుడు లేస్తది.”

“అచ్చం మీ అన్నే,” అంది సరళాదేవి.

సుదర్శన్‌రావు అక్కడికక్కడే షరతు పెట్టాడు. ఒక్క పట్టీ కింద ఎర్రబడినా షెడ్డుకు తాళం. లేకపోతే ఇక జన్మలో నోరెత్తడు. సరళాదేవి సరేనంది. ఇంత తొందరగా ఒప్పుకోవడం ఆయనకు వింతగానే తోచింది. కానీ గెలుపు ముందర కనిపిస్తున్నవాడు అలాంటివి పట్టించుకుంటాడా?

మర్నాడు డాక్టరు ఆయన వీపు మీద నాలుగు చిన్న పట్టీలు వరసగా అంటించి, పక్కన పెన్నుతో అంకెలు వేశాడు.

“ఏం పెట్టినవ్ వాట్ల?”

“అన్నీ మీ ఇంట్ల ఉన్న సరుకే అన్నా. ఏ నంబర్ల ఏముందో కాయితం మీద రాసి వదినకిచ్చిన.”

ఏప్రిల్ ఎండలు. చొక్కా లేదు, స్నానం లేదు. సుదర్శన్‌రావు ఫ్యాను కింద బోర్లా పడుకుని దురద కోసం ఎదురుచూశాడు. మొదటి రోజు ఏమీ లేదు. దిగులు పడ్డాడు. రెండో రోజు పొద్దున ఎడమ భుజం కింద చిన్నగా మొదలైంది. మధ్యాహ్నానికి చీమలు పాకుతున్నట్టయింది. దురద పెరిగిన కొద్దీ ఆయనకు సంబరం పెరిగింది. గోడకు రుద్దుకోవాలని ప్రాణం లాగుతున్నా పళ్లు బిగబట్టి ఊరుకున్నాడు. లోకంలో దురదను ఇంత ముద్దుగా చూసుకున్నవాడు ఇంకొకడు ఉండడు.

సాయంత్రం షెడ్డులో పనిచేసే కనకవ్వ వచ్చి గడప దగ్గర నిలబడింది.

“దొరా, షెడ్డు బందువెడితే మేం ఆగమైతం. మా ఆయన మగ్గం మీద తెచ్చేది బియ్యానికే చాలుతలేదు.”

“నా చేతుల ఏముందే కనకవ్వా? అంతా వీపు చేతులనే ఉన్నది,” అన్నాడు. అన్నాక కొంచెం సిగ్గేసింది. ఆమె ముఖం చూడలేక అటు తిరిగి పడుకున్నాడు.

మూడో రోజు డాక్టరు వచ్చాడు. ఆరుగురు ఆడవాళ్లూ పని ఆపి వసారాలో నిలబడ్డారు. సరళాదేవి కాగితం పట్టుకుని నిలబడింది. 

ఒకటో పట్టీ తీశాడు. ఏమీ లేదు. రెండోది, మూడోది, అంతే. నాలుగోది తీయగానే ఆ ఆరుగురిలో ఒకతె సత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రూపాయి బిళ్లంత మేర ఎర్రగా పొంగి, నీటి పొక్కులు లేచి ఉన్నాయి.

“చూసిండ్రా?” సుదర్శన్‌రావు లేచి కూర్చున్నాడు. “నేను చెప్తనే ఉన్న. తాళం తేండ్రి.”

కనకవ్వ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సరళాదేవి మాత్రం కాగితం భర్త చేతికిచ్చింది.

“ఏది పడలేదో మీరే చదువుండ్రి. అందరికి వినవడాలె.”

సుదర్శన్‌రావు కళ్లద్దాలు పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

“ఒకటి, జింకు పొడి. రెండు, బొంబాయి నుంచి వచ్చే, ఎండను ఆపే మందు. మూడు, తయారైన క్రీము. నాలుగు…”

ఆగిపోయాడు. కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, తలగడ కిందికి తోశాడు.

“నాలుగోదేంది దొరా?” అంది కనకవ్వ.

“ఏందో ఇంగ్లీషుల ఉన్నది. జర తర్వాత చూద్దాం. తాళం గీళం ఏమొద్దు, పోయి పని చేసుకోండ్రి.”

ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ షెడ్డులోకి పోయారు. డాక్టరు కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వు ఆపుకుంటున్నాడు. సరళాదేవి ఏమీ ఎరగనట్టు పొక్కుల మీద మెల్లగా మందు రాస్తోంది.

తలగడ కింది కాగితంలో నాలుగో అంకె ఎదురుగా శుద్ధమైన తెలుగులోనే రాసి ఉంది: ‘నెలనెలా తలుపు గడియ పెట్టుకుని అన్న తన జుట్టుకూ మీసానికీ పూసుకునే నల్లరంగు.’