పై తూము

“ఒక్క గుక్కండీ,” అంది కాంతమ్మ.

“వద్దన్నానా!” భర్త ఏసుపాదం గ్లాసు వెనక్కి లాక్కున్నాడు. “పై తూము మూస్తే కింద చేను ఆరి తీరాలి. జన్మంతా కాలవ మీద తూములు తీసి మూసే లస్కరుగా చేసినోణ్ణి, నాకు తెలీదా?”

“తాగనివ్వకపోతే మానె, నీళ్లు నమలనైనా నమలనివ్వండి!”

అండాశయం కేన్సరుకి కీమో పెడుతున్నా, ఆమె పొట్టలో నీరు చేరుతూనే ఉంది. ఊపిరాడక అమలాపురం ఆసుపత్రికి వస్తే మళ్లీ గొట్టం వేసి తీస్తున్నారు.

నర్సు శ్రీకళ కాంతమ్మ ఎండిన పెదాలు చూసింది. “ఈవిడకి నీళ్లివ్వట్లేదేంటండీ?”

“ఆయ్. తాగిందంతా పొట్టలోకే పోతోంది కదండీ.”

“అది తాగిన నీరు కాదండీ బాబూ! జబ్బు వల్ల లోపల ఊరే నీరు. తాగడం మానేసినా ఊరుతుంది. పైగా ఈవిడ సొమ్మసిల్లిపోతారు.”

ఏసుపాదం వరదల్లో గట్టు కిందనుంచి ఉబికే ఊటలు ఎన్నో చూశాడు. ఊటకి తూము ఉండదు.

గ్లాసు అందించాడు. “దాహంతో చంపేశానే నిన్ను.”

“డాక్టరమ్మగారు మొదట్లోనే చెప్పేరండి, నీళ్లు తాగమని.”

“తెలిసీ ఎందుకూరుకున్నావే?”

కాంతమ్మ గ్లాసు ఖాళీ చేసి పెదాలు తుడుచుకుంది.

“మూయడానికి మీకో తూమంటూ ఉండాలి కదండీ. అది మూసేకే కదా, మీరు మళ్లీ అన్నం ముట్టేరు.”