ఆపేస్తే ఏమవుతుంది

"రండి, రండి. మీకోసమే చూస్తున్నా" అంది ఉషశ్రీ, లాప్‌టాప్ మీంచి కళ్ళెత్తకుండానే.

"నమస్తే మేడమ్. నా పేరు..."

"తెలుగువాళ్ళేనా? అమ్మయ్య. పేర్లు తర్వాత. ముందు నేనడిగింది చెప్పండి. సిస్టమ్ ముట్టుకోనక్కర్లేదు, నోటితో చాలు."

రవికిరణ్ కుర్చీ అంచున కూర్చున్నాడు. నోయిడాలో లినక్స్ కంప్యూటర్ల సపోర్టు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఈ ఉద్యోగమూ రాకపోతే లక్ష్మీనగర్‌లో అద్దెగది ఖాళీ చేసి సొంతూరు తునికి రైలెక్కడమే. పలకరింపైనా లేకుండా పరీక్ష మొదలుపెట్టిందంటే గట్టిపిండమే అనుకున్నాడు.

"మెయిల్ యాప్ చూస్తే బెత్తెడంత. అప్‌డేట్ నొక్కితే రన్‌టైమ్ అంటూ జీబీ పైన దించడం మొదలెట్టింది. ఎందుకు?"

"మన పీజీ హాస్టళ్ళలాగేనండి. ఒకళ్ళ సామాను ఒకళ్ళు ముట్టుకోకుండా ఒక్కో యాప్‌నీ ఒక్కో గదిలో పెట్టి తలుపేస్తారు. కానీ గదికో పొయ్యి పెట్టలేం కదా. అందరికీ కింద ఒకటే వంటగది. అదే రన్‌టైమ్. ఇప్పుడు మారుతున్నది వంటగది. అందుకే అంత బరువు."

"అంతా దించుకుంటుందా? నెట్టు నా ఫోన్‌ది. మధ్యలో డేటా అయిపోతే?"

మనవాడికి ఇది కొత్త మెలిక. "చాలాసార్లు అంతా దిగదండి. ఉన్నది ఉంచి, మారిన ముక్కలే తెచ్చుకుంటుంది. వంటగది పూర్తిగా కొత్తదైతే మాత్రం ఎక్కువే లాగొచ్చు."

"లాగొచ్చు అంటే కుదరదండీ. ఇప్పుడు ఆపేస్తే ఏమవుతుంది?" ఆమె చెయ్యి మౌస్ మీద బిగుసుకుంది. "ఆలోచించి చెప్పండి. తేడా వస్తే ఉద్యోగం పోతుంది."

ఎవరి ఉద్యోగమో వేరే చెప్పాలా? రవికిరణ్ చదివిందంతా ఒకసారి గుర్తుచేసుకున్నాడు.

"ఏమీ కాదండి. కొత్తది పూర్తిగా దిగేదాకా పాతదాన్ని కదపదు. ఆపేయండి. యాప్ ఎప్పట్లాగే తెరుచుకుంటుంది."

"ఖాయమేనా?"

"ఖాయమండి."

ఆమె నొక్కింది. మెయిల్ యాప్ తెరిచి చూసింది. తర్వాత టకటకా ఏదో కొట్టి, కుర్చీలో వెనక్కి వాలింది. మార్కులే వేసి ఉంటుందని రవికిరణ్ గుండె కుదుటపడింది.

"గండం గట్టెక్కించారు. ఎంతిమ్మంటారు?"

జీతం మాటదాకా వచ్చేసింది. సంతోషం దాచుకోలేక నవ్వేశాడు. "మీరెంతిస్తే అంతే మేడమ్. ఎప్పుడు చేరమంటారు?"

"చేరడమేంటి? మీరు రిపేరు షాపు నుంచి కదా?"

"కాదండి. ఇంటర్వ్యూకి వచ్చాను. రవికిరణ్."

ఉషశ్రీ చెయ్యి నోటి మీదకి వెళ్ళింది. "అయ్యో. రవికిరణ్ ఇంకా రాలేదనే కదండీ, ఆ ఉద్యోగం ఇంకొకాయనకిస్తూ ఇప్పుడే మెయిల్ కొట్టాను."